టిన్ ఫ్యాక్టరీ నుంచి హలసూరు దాకా: రాగి బస్సు శిక్షణ డైరీ

జనవరి

మా కుక్క రాగికి రెండేళ్లు నిండాయి. వినపడని నా చెల్లికి శబ్దాల సంగతి తెలియజేసే పని ఇంట్లో దానికి బాగా పట్టుబడింది. కాలింగ్ బెల్ మోగితే చెల్లి మోకాలిని ముక్కుతో పొడిచి తలుపు దాకా తీసుకెళ్తుంది. కుక్కర్ విజిల్ వేస్తే వంటింట్లోకి, అమ్మ పిలిస్తే అమ్మ దగ్గరికి. పొద్దున అలారం మోగితే మంచం ఎక్కి లేపుతుంది. చెల్లి ఇంట్లో ఒక్కతే ఉన్నా మాకిప్పుడు టెన్షన్ లేదు. ఇక మిగిలింది వీధి, ముఖ్యంగా బస్సు.

చెల్లి రోజూ బెంగళూరులో మా రామ్మూర్తి నగర్ నుంచి హలసూరులో ఆఫీసుకి వెళ్లి రావాలి. డిగ్రీ చదువుతుండగా మెనింజైటిస్ వచ్చి రెండు చెవుల్లోనూ వినికిడి పోయింది. మాట పోలేదు. తెలుగు, కన్నడం రెండూ గడగడా మాట్లాడుతుంది. అందుకే ఎదుటివాళ్లకు ఆమెకు వినపడదన్న సంగతి తట్టదు. పిలిచినా పలకలేదని పొగరనుకుంటారు. మన వికలాంగుల హక్కుల చట్టం, అంటే 2016 నాటిది, రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే చెవుడుగా లెక్కిస్తుంది. చెల్లి లోపం ఆ గీతకు చాలా పైనే ఉంది. చెవి మిషను పెట్టుకుంటే బస్సు ఇంజిన్ రొద వినిపిస్తుంది గానీ మనిషి మాట వినిపించదు. ఆమెకు మిగిలిన కాస్త వినికిడీ కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంది, ఇంజిన్ గోల ఉండేదీ అక్కడే. మాటను మాటగా నిలబెట్టే స, శ, త, క లాంటి హల్లులు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. అవి ఆమెకు అందవు. అందుకని బస్సెక్కగానే మిషను తీసి బ్యాగులో పెట్టేస్తుంది. దానివల్ల ఆ గంటసేపు తలనొప్పే తప్ప లాభం లేదంటుంది.

వినికిడి లేనివాళ్లకు కుక్కల్ని తయారుచేయడం కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో 1970ల నడుమ మొదలైంది. బ్రిటన్‌లో హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్ అనే సంస్థ 1982 నుంచి ఇదే పని చేస్తోంది. అక్కడ ఆ కుక్కలు వేసుకునే మెరూన్ రంగు కోటు చూడగానే జనం గుర్తుపడతారు. మనకు ఆ గుర్తింపు లేదు, కాబట్టి ఆ పని కూడా మనమే చేసుకోవాలి. కళ్లు లేనివాళ్లను నడిపించే కుక్కకైతే ఒక ఎత్తు, బలం కావాలి. వినే కుక్కకు అవేవీ అక్కర్లేదు. చెవి చురుగ్గా ఉండాలి, మనిషంటే ప్రేమ ఉండాలి, తిండి మీద ఆశ ఉండాలి. రాగి మా వీధిలో పుట్టిన దేశీ కుక్క. మూడూ ఉన్నాయి. పైగా ఇక్కడి ఎండకు తట్టుకుంటుంది, బస్సు సీటు కింద ఇముడుతుంది.

బయట తిరిగేటప్పుడు పని చేసే కుక్కకు కనీసం ఆరు నెలల్లో 120 గంటల శిక్షణ, అందులో 30 గంటలు జనం మధ్య ఉండాలని అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. నేను దాన్నే పట్టుకున్నాను, కానీ ఆ 30 గంటలు మన ఊరికి చాలవని మొదటే అనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకున్నాం. ‘ఏ స్టాపు వచ్చిందో కుక్క చెబుతుందా?’ అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. చెప్పదు. స్పీకర్‌లో వచ్చే కన్నడం, ఇంగ్లీషు రెండూ దానికి ఒకటే రొద. కుక్కకు ఏ శబ్దం నేర్పితే ఆ శబ్దమే తెలుస్తుంది. కాబట్టి బస్సులో చెల్లికి నిజంగా ఏ శబ్దాలు కావాలో కూర్చుని రాసుకున్నాం. ఒకటి, ఆమె పేరు. రెండు, ఆమె ఫోన్ అలారం. మూడు, దగ్గరికొచ్చిన కండక్టర్ టికెట్ మిషను. అంతే. బస్సులో వినిపించే మిగతావన్నీ రాగి వదిలేయాలి. నేర్పడంలో కష్టమంతా ఆ వదిలేయడం దగ్గరే ఉంటుంది.

హారన్ సంగతి చెల్లే తేల్చింది. ‘అక్కా, ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద హారన్‌కి పొడవమని నేర్పితే దానికి ఇంకే పనీ ఉండదు’ అంది. నిజమే. అందుకని హారన్ నేర్పలేదు. దాని బదులు రాగి చెవుల్ని చూడటం చెల్లి నేర్చుకోవాలని అనుకున్నాం. వెనక నుంచి దగ్గరగా ఏదైనా వస్తే కుక్క చెవి దానంతటదే ఆ వైపు తిరుగుతుంది. దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఫిబ్రవరి

ఫోన్ పట్టుకుని నేనొక్కదాన్నే బస్సుల్లో తిరిగి చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చాను. తలుపు తెరుచుకున్నప్పుడు బుస్సుమనే గాలి, బ్రేకు కీచు, కండక్టర్ విజిల్, గేరు మార్చినప్పటి మూలుగు, టికెట్ మిషను కాగితం కక్కే చర్రుమనే చప్పుడు. రాగి అన్నం తినేటప్పుడు వీటిని బాగా సన్నగా పెడతాను. తినడం ఆపకపోతే మర్నాడు ఒక గీత పెంచుతాను. ఆపి తలెత్తితే ఒక గీత తగ్గిస్తాను. విసుగు పుట్టించే పనే, కానీ దగ్గరి దారి లేదు. భయపడే కుక్కను చప్పుడు మధ్యలో నిలబెడితే అదే అలవాటు పడుతుందని చెప్పేవాళ్లున్నారు. అలవాటు పడదు, బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన కుక్క కదలదు కాబట్టి బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుంది. దాని మూతి చూడండి, పెదవులు బిగిసి ఉంటాయి. ఆకలి మీదున్నా ముక్క తీసుకోదు. మా పరీక్ష కూడా అదే. ఉడికించిన కోడి కార్జం ముక్క ఇస్తే తీసుకుంటోందా, లేదా? తీసుకోకపోతే ఆ పూటకి ఇంటికి వెళ్లిపోవడమే.

తలుపు బుస్సుకి, గేరు మూలుగుకి తొందరగానే అలవాటు పడింది. విజిల్ మాత్రం మొండికేసింది. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, కుక్క చెవి దాదాపు 45 వేల దాకా వెళ్తుంది. ఫోన్ రికార్డింగ్ మన చెవి కోసం తయారైనది, ఆ పై భాగం అందులో రానే రాదు. అంటే ఫోన్‌లో విన్న విజిల్, బ్రేకు కీచు రాగికి సగం విజిల్, సగం కీచు. రికార్డింగ్‌తో ఎంత సాధన చేసినా అసలుది కొత్తగానే ఉంటుంది. అందుకే బజార్లో ఒక విజిల్ కొని, అమ్మను మేడ మీదికి పంపి అక్కడి నుంచి ఊదమన్నాం. రోజుకో మెట్టు కిందికి దిగుతూ ఊదింది. ‘ఈ వయసులో నాకు కండక్టర్ ఉద్యోగం ఇచ్చినారు’ అని అమ్మ నవ్వుతూనే ఉంది గానీ ఒక్క రోజు కూడా మానలేదు.

క్లిక్కర్ గురించి, అంటే నొక్కితే టక్కుమనే చిన్న పరికరం గురించి ఒక మాట. కుక్క సరైన పని చేసిన క్షణంలో టక్కుమని నొక్కితే ‘ఇదే కావాల్సింది’ అని దానికి తెలుస్తుంది, వెంటనే ముక్క దొరుకుతుంది. వినపడనివాళ్లకు క్లిక్కర్ పనికిరాదేమో అనుకుంటారు. వినాల్సింది కుక్క కదా. చెల్లికి నొక్కినట్టు బొటనవేలి కింద తెలుస్తుంది, ఆ రేకు వంగి మళ్లీ లేవడం చర్మానికి తగులుతుంది. నాకన్నా ఆమెదే సమయం కచ్చితంగా ఉంటుంది. నేను మాట్లాడుతూ నొక్కుతాను, ఆమె కళ్లు రాగి మీదే ఉంటాయి.

మార్చి

బస్సు కన్నా ముందు బస్టాపు. బస్టాపు కన్నా ముందు అక్కడి కుక్కలు.

ఇంగ్లండు, అమెరికా వాళ్ల శిక్షణ వీడియోల్లో ఎక్కడా లేని పాఠం ఇది. మన దగ్గర ప్రతి స్టాపుకూ దాని సొంత కుక్కలు ఉంటాయి. కొత్త కుక్క బెల్టు వేసుకుని వస్తే అవి ఊరుకోవు. రాగి కూడా వీధి బిడ్డే కాబట్టి వాటి భాష దానికి బాగా తెలుసు, తోక బిగించి నిలబడుతుంది. అవతల కుక్కలు అరుస్తుంటే ఇటువైపు ఎంత శిక్షణ ఉన్నా చెవి పనికి రాదు. చెల్లి పేరు ఎవరైనా పిలిచినా రాగి పట్టించుకోదు. కాబట్టి ఇది పక్క సమస్య కాదు, ఇదే మొదటి సమస్య.

మా స్టాపు దగ్గర పూలమ్మే ఒకావిడ ఉంది. కృష్ణగిరి వైపు మనిషి, ఆ వైపు తెలుగు మాట్లాడుతుంది. అక్కడి కుక్కలకు రోజూ ఆమే అన్నం పెడుతుంది. విషయం చెప్పాను. ‘అయితే మీరు వచ్చే టైముకే పెడ్తాను, అవి తినే పనిలో ఉంటాయి’ అంది. అంతకు మించిన ఉపాయం ఏ పుస్తకంలోనూ దొరకదు. మొదట రోడ్డుకి అవతలి వైపు నిలబడ్డాం. ఆ కుక్కలు కనిపించాయి గానీ రాగి తల తిప్పి చెల్లిని చూసింది, టక్, ముక్క. మర్నాడు కాస్త దగ్గరగా. అవి తలెత్తి చూస్తే మేం వెనక్కి తిరిగి వెళ్లిపోయాం. ‘పద’ అనగానే వెనక్కి తిరగడం రాగికి ఆటలాగా నేర్పాం, అందుకే తిరిగి వెళ్లడం దానికి ఓటమి కాదు. బెల్టు గట్టిగా లాగకూడదు. లాగితే కుక్క ఛాతీ ముందుకొస్తుంది, అవతలివాటికి అది సవాలుగా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి అవి రాగిని పట్టించుకోవడం మానేశాయి. పూలావిడ మాత్రం దాన్ని ‘మా పిల్ల’ అంటుంది.

ఎండ గురించి కూడా రాసుకోవాలి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉంచలేవు. మార్చిలో పదకొండు దాటితే తారు మీద ఉంచలేకపోయాను. కుక్కకు చెమట పట్టడం దాదాపు ఉండదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. రొప్పుతున్న కుక్కకు సన్నని శబ్దాలు అందవని కూడా గమనించాం, దాని ఊపిరి చప్పుడే దానికి అడ్డం. పాఠాలన్నీ పొద్దున ఎనిమిదిలోపే.

ఏప్రిల్

చాలావరకు విశ్రాంతి. ఉగాది దాటాక ఎండలు ముదిరాయి. కేఆర్ పురం మెట్రో స్టేషన్ కింద నీడలో కూర్చుని పైన వెళ్లే రైళ్ల రొద అలవాటు చేశాం, అంతవరకే. మెట్రోలోకి పెంపుడు జంతువుల్ని రానివ్వరు. నిజానికి చెల్లికి మెట్రోలో ఇబ్బంది తక్కువ. వచ్చే స్టేషన్ పేరు తెర మీద కనిపిస్తుంది, తలుపు పక్కన దీపం వెలుగుతుంది. ఆమెకు కష్టమైనది బస్సే. మన పని బస్సుకి పనికొస్తే చాలని ఇప్పటికి అనుకున్నాం.

మే

ఆగి ఉన్న బస్సుతో మొదలుపెట్టాం. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ బస్సులు నిలిపే చోట ఒక డ్రైవరన్న ఒప్పుకున్నాడు. మెట్లు ఎక్కడం, గీతలు పొడిచిన అల్యూమినియం నేల మీద నిలబడటం, సీటు కిందికి దూరడం. ఆ నేల మీద గోళ్లు జారుతాయి. జారిందంటే కుక్కకు బస్సంతా అనుమానమే. అందుకని ఇంట్లో అది పడుకునే చిన్న చాప తీసుకెళ్లాం. చాప ఎక్కడ పరిస్తే అక్కడ పడుకోవాలని దానికి ముందే తెలుసు. ‘లోపలికి’ అంటే సీటు కిందికి వెనకడుగులతో వెళ్లి, తల చెల్లి కాళ్ల మధ్యకు పెట్టి, తోక గోడ వైపు ఉంచి పడుకుంటుంది. తోక దారిలోకి వస్తే ఎవరైనా తొక్కుతారు, ఒక్కసారి తొక్కితే నెలల పని పోతుంది. తల బయటికి ఉంటే పిల్లలు బిస్కెట్లు పెడతారు.

కోటు మీద కన్నడంలో ‘కెలస మాడుత్తిదె, ముట్టబేడి’ అని పెద్ద అక్షరాలతో రాయించాం. అంటే పని చేస్తోంది, ముట్టుకోవద్దు. మూతికి బుట్ట వేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆలోచించాం. బుట్ట చూస్తే జనం ఇది కరిచే కుక్కేమో అనుకుంటారు, సీటు పక్క సీటు ఖాళీ చేసి నిలబడతారు. వేసుకోవడం మాత్రం అలవాటు చేసి ఉంచాం, ఎవరైనా వేయాల్సిందేనని పట్టుబడితే బ్యాగులో ఉంటుంది.

తర్వాత అసలు బస్సులు. ఒక బస్సులో కండక్టర్ మెట్ల దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు. ‘నాయి హత్తిస్‌బేడి, బేరె బస్సల్లి బన్ని’ అన్నాడు, అంటే కుక్కను ఎక్కించొద్దు, వేరే బస్సులో రండి అని. చెల్లి రాగి సంగతి కన్నడంలో రాసి పెట్టుకున్న కార్డు చూపించబోయింది. ఆయన మాట్లాడుతూనే లోపలికి తిరిగాడు, పెదాలు కనిపించకుండా పోయాయి. ఆమెకు ఆయన ఏమన్నాడో నేను చెప్పాల్సి వచ్చింది. దిగిపోయాం. వాదించవచ్చు. చట్టంలో తగిన వెసులుబాటు కల్పించాలన్న మాట ఉంది, కానీ అందులో ఇలాంటి కుక్కల ప్రస్తావన లేదు. అమెరికాలోనైతే రెండే ప్రశ్నలు అడగాలి: ఈ కుక్క వైకల్యం వల్ల అవసరమా, ఏ పని చేయడానికి శిక్షణ ఇచ్చారు. మన కండక్టర్ ఆ రెండు ప్రశ్నలూ అడిగితే చాలు, చెల్లే జవాబు చెప్పుకోగలదు. అయినా ఆ పూట మెట్ల మీద గొంతు పెంచలేదు. బస్సు తలుపు దగ్గర అరుపులు వినిపిస్తే రాగికి బస్సు తలుపంటేనే గొడవ అనిపిస్తుంది. ఆ మాట్లాడేదేదో కాగితం మీద, ఆఫీసులో మాట్లాడాలి. ఉత్తరం రాశాం.

ఇంకో బస్సులో కండక్టర్ మా మాటలు విని, ‘ఏమ్మా, తెలుగోళ్లా? మాది ముళబాగిలు’ అన్నాడు. తర్వాత రాగిని చూసి, ‘కరవదు కదమ్మా?’

‘కరవదన్నా. నాకు వినపడదు. నాకోసం అది వింటుంది’ అంది చెల్లి.

ఆయన కాసేపు రాగినే చూశాడు. ‘ముందే అట్లా చెప్పు మరి’ అని, ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లల్ని జరగమని మాకు చోటిప్పించాడు. 2023 జూన్ నుంచి శక్తి పథకంలో కర్ణాటక ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో టికెట్ ఉచితం కాబట్టి మా ఇద్దరికీ జీరో టికెట్లు, రాగికి లగేజీ టికెట్. చెల్లి ఆ లగేజీ టికెట్ దాచుకుంది. కొందరు కండక్టర్లు కొడతారు, కొందరు వద్దంటారు. మేం మాత్రం ప్రతిసారీ అడుగుతాం. డబ్బు కట్టిన ప్రయాణికురాలి దగ్గర జనం గొడవ తక్కువ పడతారు.

జూన్, జులై

డైరీలో ఎక్కువ రాసుకోవాల్సింది ఈ రెండు నెలల గురించే.

ఇంట్లో రాగి పని రెండు ముక్కలు. ముక్కుతో పొడవడం, తర్వాత శబ్దం దగ్గరికి తీసుకెళ్లడం. కదిలే బస్సులో రెండోది కుదరదు, ప్రమాదం కూడా. కాబట్టి కోటు వేసుకుంటే ఒక్క పొడుపే, మళ్లీ పడుకోవాలి అని విడిగా నేర్పాం. ఎలా నేర్పామంటే, పొడిచిన వెంటనే చెల్లి ముక్కను చాప మీదే పెట్టేది. లేచి నడిస్తే ముక్క దొరకదు, పడుకుంటే దొరుకుతుంది. కుక్కకు లాభం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఫోన్ అలారం. ఇది మా అందరిలోకీ చెల్లి ఆలోచనే. దిగాల్సిన స్టాపుకి కాస్త ముందు మోగేలా ఫోన్‌లో జీపీఎస్ అలారం పెట్టుకోవచ్చు. వైబ్రేషన్ ఉంటే చాలు కదా అనిపిస్తుంది. బస్సు అదురుతుంటే ఒళ్లో ఉన్న బ్యాగులోని ఫోన్ వణుకు తెలియదు. చేతిలో పట్టుకుని కూర్చుంటే రద్దీలో దొంగల భయం, కళ్లు ఎప్పుడూ దాని మీదే ఉండాలి. కాబట్టి స్టాపు ఎక్కడో ఫోన్‌కి తెలుసు, ఫోన్ మోగింది రాగికి తెలుసు, రాగి పొడిచింది చెల్లికి తెలుసు. మూడు ముక్కలూ కలిస్తే ఒక ప్రకటన. బస్సులో రోజంతా ఎవరివో ఫోన్లు మోగుతూనే ఉంటాయి కాబట్టి మామూలు రింగ్‌టోన్ పెట్టుకోలేదు. మా తమ్ముడు కంజీర మీద వాయించిన చిన్న ముక్క రికార్డు చేసి పెట్టాం. ఇంకెవరి ఫోన్‌లోనూ అది ఉండదు. మిగతా రింగ్‌టోన్లకి పొడిస్తే ఏమీ దొరకదు, కంజీరకి పొడిస్తే కార్జం.

టికెట్ మిషను. కండక్టర్ ఎవర్నీ పేరుతో పిలవడు. ‘మేడమ్, టికెట్’, ‘ఆధార్ తోర్సి’ (ఆధార్ చూపించండి) అంటాడు. మేడమ్ అన్న మాటకు పొడవమంటే బస్సంతా మేడమ్‌లే. కానీ కండక్టర్ దగ్గరికి వచ్చాడంటే ఆయన మిషను చర్రుమనడం ఖాయం. ఆ చప్పుడు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో వినిపిస్తే పొడవాలి, దూరంగా వినిపిస్తే వదిలేయాలి. శబ్దం ఒకటే, దూరం వేరు. ఇది రాగికి కష్టమవుతుందనుకున్నాను గానీ అంత కష్టం కాలేదు. దూరాన్ని చెవితో కొలవడం కుక్కకు ఊపిరి పీల్చినంత సులువు. ఎప్పుడైనా పక్క సీటు టికెట్‌కి పొడిచినా నష్టం లేదు, చెల్లి తలెత్తుతుంది, కండక్టర్ కనిపిస్తాడు, ఆధార్ ముందే తీసి పట్టుకుంటుంది. తప్పు వల్ల ఏం పోతుందో చూసుకుని ఎంత కచ్చితంగా నేర్పాలో నిర్ణయించుకోవడం మంచిది. అలారం విషయంలో తప్పకూడదు, మిషను విషయంలో తప్పినా పర్వాలేదు.

పేరు కాస్త నెమ్మదిగా వచ్చింది. బస్సులో నేను వెనక సీట్లో కూర్చుని పిలిచేదాన్ని. తర్వాత చెల్లి ఆఫీసు స్నేహితురాలు, తర్వాత ఆమె అన్న, అలా గొంతులు మార్చాం. ఒకే గొంతుతో నేర్పితే కుక్క పేరును కాదు, ఆ గొంతును నేర్చుకుంటుంది.

ఈ నెలల్లో కొత్తగా తగిలిన ఇబ్బంది ఎలక్ట్రిక్ బస్సు. డీజిల్ బస్సు రొదకు అలవాటుపడ్డ కుక్క అందులో ఎక్కగానే చెవులు నిక్కబొడుచుకుని నిలబడిపోయింది. ఇంజిన్ మూలుగు లేదు, సన్నని ఈల లాంటి మోటారు చప్పుడు ఉంది, మనకు సరిగ్గా వినిపించదు కూడా. రొద తగ్గడంతో ఇంతకుముందు దాని కింద మునిగిపోయిన చిన్నచిన్న శబ్దాలన్నీ పైకి తేలాయి, ఎవరో సంచి జిప్పు లాగినా రాగి తలెత్తింది. మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాం, ఖాళీ ఎలక్ట్రిక్ బస్సు, చాప, కార్జం. ఇప్పుడు నిశ్శబ్దపు బస్సులోనే పని బాగా చేస్తోంది, వినాల్సినవి దానికి స్పష్టంగా అందుతున్నాయి.

జనం గురించి. ‘కచ్చుత్తా?’, అంటే కరుస్తుందా అన్న ప్రశ్న ప్రతి బస్సులోనూ ఉంటుంది, దానికి జవాబు సులువు. ‘పాపం, కళ్లు కనపడవా?’ అన్నదానికి చెల్లి మొదట్లో ఓపిగ్గా చెప్పేది. ఇప్పుడు చేత్తో చెవి చూపించి నవ్వుతుంది. కుక్కంటే భయమున్నవాళ్లను మేం ఎప్పుడూ తక్కువ చేయలేదు. ఒక పెద్దావిడ వణికిపోతూ లేచి నిలబడితే, చెల్లే లేచి చాప చుట్టుకుని చివరి సీటుకి వెళ్లింది. బస్సు అందరిదీ. రాగి అక్కడ ఉండాలంటే మిగతావాళ్లకు భయం లేకుండా ఉండటం కూడా మా పనే.

ఆగస్టు

వానలు. తడిసిన కోటు బరువుకి రాగి ఒళ్లు దులుపుకుంటే పక్కవాళ్ల మీద చినుకులు. చిన్న తువ్వాలు ఒకటి సామానులో చేరింది. వినాయక చవితి పందిళ్ల డోళ్లు, టపాసులు మొదలయ్యాక సాయంత్రం ప్రయాణాలు ఆపేశాం. పండగ రోజుల్లో ఒక్క టపాసు దగ్గరలో పేలితే వచ్చే భయం పోగొట్టడానికి పట్టే కాలం మాకు తెలుసు.

సెప్టెంబర్

చేతులు మారే నెల. ఇన్నాళ్లూ నేను కూడా బస్సులో ఉన్నాను కాబట్టి శబ్దం వినిపిస్తే రాగి అప్పుడప్పుడు నా వైపు చూసేది. నాకు వినపడుతుందని దానికి తెలుసు. అది సహజం, కానీ దాని పని నాతో కాదు. అలా చూసినప్పుడల్లా నేను కిటికీ బయటికి చూసేదాన్ని. చెల్లి దగ్గరికెళ్తే మాత్రం ముక్కతో పాటు మెడ కింద గోకడం కూడా. తర్వాత నేను చివరి సీటుకి, తర్వాత వెనక వచ్చే బస్సుకి మారాను.

ఒక ఉదయం టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర చెల్లి రాగితో ఎక్కింది, నేను వెనక బస్సులో. హలసూరులో దిగేసరికి వాళ్లు నాకోసం ఎదురుచూస్తున్నారు. ‘ఎలా జరిగింది?’ అని చేత్తో అడిగాను. బస్సు నిండిపోయిందట, తను నిలబడే ఉందట, రాగి తన రెండు కాళ్ల మధ్య కూర్చుందట. ఆదర్శ్ థియేటర్ ముందు వచ్చే మలుపు దాటాక అరచేతికి తడి ముక్కు తగిలిందట, ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి గట్టిగా. ఫోన్ బ్యాగు అడుగున ఉంది. దిగడానికి వీలుగా ముందుకి జరిగే టైము దొరికిందని చెప్పింది. వినడానికి చిన్న సంగతే. ఇన్నేళ్లూ ఆమె తన స్టాపు దాటిపోతుందేమోనని కిటికీ పక్కనే కూర్చోవాలని గింజుకునేది. రద్దీ బస్సుల్ని వదిలేసి తర్వాతిదాని కోసం ఆగేది. ఆ రోజు రద్దీ బస్సే ఎక్కింది.

అమ్మకు మాత్రం ఇంకా తృప్తి లేదు. ‘కుక్క ఒక్కటే కాదు, నువ్వు కూడా వెళ్లు’ అంటుంది నాతో. చెల్లి అమ్మ చెయ్యి పట్టుకుని, ‘అమ్మా, నువ్వు రోజూ విజిల్ ఊది నేర్పావే, దాని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?’ అంది. అమ్మ ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి రాగి కార్జం డబ్బా తనే సర్దుతోంది.

ఇకముందు

దసరాకి హిందూపురం వెళ్లాలి, అమ్మమ్మ ఇంటికి. రైల్లో అయితే కుక్కను ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే బుక్ చేసుకుని తీసుకెళ్లాలి, లేదా గార్డు వెనక బ్రేక్ వ్యాన్‌లో ఉండే పెట్టెలో పంపాలి. పెట్టెలో ఉన్న కుక్క చెల్లికి ఏం వినిపిస్తుంది? కాబట్టి బస్సులోనే వెళ్తాం. ఇప్పటిదాకా రాగి సిటీ దూరాలే కూర్చుంది, హిందూపురం చాలా పెద్ద దూరం. ఈ ఆదివారం దొడ్డబళ్లాపురం దాకా పోయి, అక్కడ దిగి నీళ్లు పెట్టి, కాసేపు నడిపించి తిరిగొస్తాం. బాగుంటే తర్వాతి ఆదివారం గౌరిబిదనూరు. పొద్దున తక్కువ పెట్టాలి, నిండు కడుపుతో ఎక్కిస్తే వాంతి చేసుకుంటుంది. రేబిస్ టీకా కాగితం జిరాక్స్ రెండు కాపీలు, చాప, తువ్వాలు, మూతి బుట్ట, కన్నడం కార్డుకి తోడు తెలుగులో ఒకటి. సరిహద్దు దాటాక కండక్టర్లు మారతారు.